క్యాడ్ తెరిచే ముందు

మినీ ప్రాజెక్టుకి చెనక్కాయలు ఒలిచే మెషీన్ చేద్దామనుకున్నాం. మాది అనంతపురం వైపు కాబట్టి ఐడియా నాదే. మొదటి రోజే క్యాడ్ తెరిచి, యూట్యూబ్‌లో చూసిన డ్రమ్ము మెషీన్‌నే గీసేశాను. రెండు వారాల్లో బోల్టులతో సహా మోడల్ రెడీ. రివ్యూలో సార్ అడిగింది ఒక్కటే: "డ్రమ్మే ఎందుకు?" నా దగ్గర జవాబు లేదు. పోనీ మార్చేద్దామంటే మనసొప్పలేదు. రెండు వారాల పని కదా!

ఈ జబ్బుకి డిజైన్ ఫిక్సేషన్ అని పేరుంది. జాన్సన్, స్మిత్ అనే పరిశోధకులు 1991లో తమ ప్రయోగాలు ప్రచురించారు. ముందుగా ఒక నమూనా డిజైన్ చూపిస్తే, చూసినవాళ్లు అందులోని లోపాలను కూడా తమ డిజైన్లలోకి దింపేసుకున్నారట. నా డ్రమ్ము కథా అదే.

క్యాడ్ దీన్ని ఇంకాస్త ముదరబెడుతుంది. ఏం కావాలో మనకే తేలని దశలో "వ్యాసం ఎంత?" అంటుంది. ఒక కొలతకి ఇంకో కొలత ముడిపడి ఉంటుంది కాబట్టి, అసలు ఆకారమే మార్చబోతే ఎర్రర్లు వరస కడతాయి. అలాగని టూల్‌ని తిట్టలేను. 1963లో ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో చేసిన స్కెచ్‌ప్యాడ్‌లో లైట్ పెన్‌తో ఉజ్జాయింపుగా గీసి, ఈ రెండు గీతలూ సమాంతరం అని చెబితే అదే సరిచేసేది. మనం ఇప్పుడు క్లిక్ చేసే కన్‌స్ట్రెయింట్లు అవే. నేను తెరిచిన వేళే తప్పు.

సార్ సలహాతో మార్ఫలాజికల్ చార్ట్ వేశాం. ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన ఫ్రిట్జ్ జ్వికీ ఖగోళ శాస్త్రవేత్త కావడం విచిత్రమే. మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. నాలుగు వరుసలు రాశాం: కాయలు లోపలికి పంపడం, పగలగొట్టడం, పొట్టు వేరుచేయడం, తిప్పే శక్తి. ఒక్కోదానికి మూడు దారులు. పగలగొట్టడానికి డ్రమ్ము, రబ్బరు రోలర్లు, కోన్. పొట్టుకి ఫ్యాన్, ఊగే జల్లెడ, చివరికి మా అమ్మమ్మ చేట కూడా. మొత్తం 81 కలయికలు. చాలావరకు చెత్తే, నవ్వుకున్నాం కూడా. కానీ రబ్బరు రోలర్లు, సైకిల్ పెడల్ కలిసిన గడి దగ్గర అందరం ఆగిపోయాం. కరెంటు అక్కర్లేదు, విడిభాగాలు ఊళ్లోనే దొరుకుతాయి.

కాయలన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి రోలర్ల మధ్య ఖాళీ మార్చుకునేలా ఉండాలి. ఇక్కడ మాత్రం క్యాడ్ చేసిన సాయం అంతా ఇంతా కాదు. ఆ ఖాళీని ఒక పారామీటర్‌గా పెట్టి 9, 11, 13 మిల్లీమీటర్ల మోడళ్లు నిమిషాల్లో చూసుకున్నాం.

చెక్క ఫ్రేముతో చేసిన నమూనాలో పప్పు ఇంకా విరుగుతోంది. ఖాళీ చాలకా, రబ్బరు గట్టిదయ్యా అన్నది రెండో రివ్యూలోపు తేల్చాలి. ఆ స్ప్రెడ్‌షీట్ కావాలంటే అడగండి, మెకానికల్ కానివాళ్లకీ పనికొస్తుంది.