సీళ్ళ స్నేహితులు

పిల్లలూ! సీలు అనగానే మీకు పోస్టాఫీసులో కొట్టే ముద్ర గుర్తుకు రావచ్చు. నేను చెప్పబోయేది ఆ సీలును గురించి కాదు. చల్లని సముద్రాలలో చేపలను తిని బతికే ఒక జంతువును గురించి. అది నీళ్ళలో చేపలాగే ఈదుతుంది గాని చేప కాదు. మనలాగే గాలి పీలుస్తుంది, పిల్లలను కని పాలిస్తుంది.

ఇంగ్లండు తూర్పుతీరాన నార్ఫోక్ జిల్లాలో హార్సీ అనే చిన్న పల్లె వున్నది. ఏటా చలికాలంలో బూడిదరంగు సీళ్ళు అక్కడి ఇసుక మీదికి వచ్చి ఈనుతాయి. 2018–19 చలికాలంలో 2,000కు పైగా పిల్లలు పుట్టాయి. పుట్టినప్పుడు పిల్ల బరువు సుమారు 14 కిలోలు. ఒంటినిండా తెల్లని బొచ్చు వుంటుంది. మన గేదెపాలలో వెన్న నూటికి ఏడెనిమిది పాళ్ళుంటే గొప్ప. సీలు పాలలో సగానికి పైగా కొవ్వే! అందువల్ల పిల్ల రోజుకు దాదాపు 2 కిలోలు పెరుగుతుంది. తల్లి మాత్రం ఇంచుమించు పస్తుండి, చిక్కిపోతుంది. మూడు వారాలు కాగానే పిల్లను వదిలి సముద్రంలోకి వెళ్ళిపోతుంది.

ఆ మూడు వారాలలో ఎవరైనా దగ్గరకు పోతే తల్లి బెదిరి పారిపోవచ్చు. తిరిగి రాకపోతే పిల్ల ఆకలితో చచ్చిపోతుంది. చూడవచ్చేవారు దుర్మార్గులేమీ కారు. ముద్దుగా వున్నదని దగ్గరకు పోతారు, అంతే. కాని ఆ ముద్దే దానికి ముప్పు.

అందుకే "హార్సీ సీళ్ళ మిత్రులు" అనే సంఘం వెలిసింది. అందులోని కాపలాదారులకు జీతం లేదు. వాళ్ళు సీళ్ళను నిమురుతారనీ, చేపలు తినిపిస్తారనీ అనుకుంటున్నారా? అదేమీ లేదు. వాళ్ళ పని మనుషులతోనే. ఇసుకదిబ్బల మీద కట్టిన తాళ్ళ దగ్గర నిలబడి, "ఇటు దాటకండి, కుక్కను వదలకండి" అని మర్యాదగా చెప్పాలి. అడిగినవాటికి జవాబివ్వాలి.

"పాపం, అది ఏడుస్తున్నదేం?" అని చాలామంది అడుగుతారు. మన కంట్లో ఊరే నీరు సన్నని గొట్టాల గుండా ముక్కులోకి పోతుంది. మీరు ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే! సీలుకు ఆ గొట్టాలు లేవు. కన్నీరు చెంపల మీదికే కారుతుంది.

ఇటువంటి పనికి వచ్చేవారిలో ఉద్యోగాలు విరమించినవాళ్ళు చాలామంది. ఇంట్లో తోచక వచ్చేవారూ, ఒంటరివారూ వుంటారు. ఎముకలు కొరికే గాలిలో ఇద్దరు ఒకే తాడు పక్కన నిలబడి, ఒకే ఫ్లాస్కులోని టీ పంచుకుంటే ఎంతసేపు కొత్తవారుగా వుంటారు?

2013 డిసెంబరు 5న ఉత్తర సముద్రం పొంగి ఆ తీరాన్ని ముంచెత్తింది. ఎన్నో పిల్లలు తల్లులకు దూరమైనాయి. తెల్లబొచ్చు పిల్లకు ఈత సరిగా రాదు. అలా దిక్కులేనివైన పిల్లలను ఎన్నింటినో ఈస్ట్ వించ్ అనే వూరి జంతువైద్యశాలలో సాకి, పెద్దవయ్యాక సముద్రంలో వదిలారు.

మామూలు రోజుల్లో మాత్రం పిల్లను ఎవరూ తాకరు. తల్లి వెళ్ళాక అది కొన్ని వారాలు ఇసుక మీదనే పడివుండి, ఒంట్లోని కొవ్వుతో బతుకుతుంది. తెల్లబొచ్చు రాలిపోతుంది. చేపలు పట్టడం దానికి ఎవరూ నేర్పరు. ఒకనాడు ఆకలి వేసి, తనంతట తానే అలల్లోకి దిగుతుంది. తాడు ఇవతల నిలబడ్డవాళ్ళు అది కనుమరుగయ్యేదాకా చూస్తారు.