గయ్యాళి పాత్రల సూర్యకాంతము

సూర్యకాంతమనునది యొక మేలిజాతి రాయి. ఎండ సోకినంతనే యది నిప్పు గ్రక్కునని మన కావ్యములలో చదువుకొన్నాము. పలుకుటకు మెత్తగా, అర్థమునకు ఘనముగా నుండుటచే నొకప్పుడు మన పెద్దలా పేరును ఆడుబిడ్డలకు మక్కువతో బెట్టుకొనుచుండిరి. నేడు బారసాలనాడెవరైన నా పేరు తలపెట్టిరా, పీటమీది బాలింత మొదలు వీధియరుగుమీది తాతగారివరకు నందరును నవ్వి వేరొక పేరు వెదకుడందురు. ఒక నటి తన నేర్పుచే నొక చక్కని పేరును లోకపు వాడుకనుండి తప్పించినది. ఇది కీర్తియో, అపకీర్తియో నిర్ణయించుట నాకు సులభముగా దోచలేదు. కావుననే యీ నాలుగు మాటలు వ్రాయ బూనితిని.

ఆమె 1924వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన కాకినాడకు సమీపమున నున్న వెంకటకృష్ణరాయపురములో జన్మించినది. తల్లిదండ్రులకు బదునాలుగవ సంతానము. తండ్రి యామె చిన్ననాటనే గతించెను. ఆటపాటలయందలి యాసక్తి యామెను నాటకములకును, నాటకములు మదరాసునకును జేర్చినవి. జెమినీ స్టూడియోవారి 'చంద్రలేఖ'లో నాట్యకత్తెల గుంపున నొకతెగా జేరినప్పుడు నెలకు 65 రూపాయలిచ్చెదమనగా, నది చాలదని చెప్పి 75 చేయించుకొన్నదని చెప్పుదురు. పదిరూపాయలే యైనను, ఊరుగాని యూర నొక యాడుపిల్ల తన కష్టమునకు వెల యింతయని నోరు విడిచి యడుగుట యానాడు సామాన్యమైన సంగతి కాదు. ఆ నోరే తరువాత నామెకు జీవనాధారమైనది!

1946లో 'నారద నారది'తో నామె తెరమీదికి వచ్చినది. 1949 నాటి 'ధర్మాంగద'లో దొరకినది మూగవేషము. తెలుగుదేశమంతయు నే నోటికి వెరవబోవుచున్నదో యా నోటినే మూయించి నటింపజేసినారన్నమాట. కథానాయిక కావలెనని యామెకు గోరిక యుండెను. 'సౌదామిని'లో నా యవకాశము చేతికందినంతలో కారు ప్రమాదమున ముఖమునకు గాయము దగిలి యది చేజారినది. 1950లో ఎల్.వి. ప్రసాదుగారి 'సంసారం'లో గయ్యాళి యత్త వేషము వచ్చినది. అప్పటికామెకు ఇరువదియారేండ్లు. ఆ యీడువారు తక్కినవారు నాయికలై పూలతోటలలో పాటలు పాడుచుండగా, దాను కొప్పు ముడిచి యత్తగారై కూర్చుండుట యెట్లుండెనో మనమూహించుకొనవలసినదే. ఆ సంవత్సరమే న్యాయవాద వృత్తిలోనున్న పెద్దిభొట్ల చలపతిరావుగారితో వివాహమైనది. ఇంట గ్రొత్త పెండ్లికూతురు, తెరపై గయ్యాళి యత్త!

మన సినిమాలలో దుష్టపాత్రలకు బేరు వడసిన మగవారు పలువురు గలరు. రాజనాల చేత గత్తి యుండును. ఆర్. నాగేశ్వరరావు చూపులోనే దుండగము దెలియును. కాని ఆట ముగిసి మనము లేచి వచ్చునప్పుడు వారిని వారి కోటలలోనే విడిచి రావచ్చును. సూర్యకాంతము చేత గత్తి లేదు. ఆమె వంటయింటి గుమ్మమున, బావిగట్టున, పెరటిలో నిలుచుండి మాటలాడును. మనము హాలునుండి యింటికి వచ్చుసరికి మనకంటె ముందుగానే వచ్చి కూర్చున్నట్లుండును.

ఆమె నటనలో మనకు మొదట జ్ఞప్తికి వచ్చునది యెడమచేయి. తెలుగింట ఒకరికి వస్తువిచ్చుటకు గాని, శుభకార్యమునకు గాని యెడమచేయి పనికిరాదు. ఆమె యా చేతినే యాడించి, యా వ్రేళ్లనే చూపి యెదుటివారిని గదమాయించును. మాటలో నెంత తిట్టున్నదో యంతకు రెట్టింపా చేతిలో నుండును. తరువాతిది గొంతు. ఎల్లప్పుడు నొకే తీరున నరచు గొంతు కాదది. వాకిట ధనవంతుడైన చుట్టము కనబడగనే తేనె జాలువారును. ఆ యూపిరితోనే మెడ త్రిప్పి పనిపిల్లను పిలుచునప్పుడు కారము చల్లినట్లుండును. ఈ రెంటికిని నడుమ రెప్పపాటైన వ్యవధి యుండదు. ఇండ్లలో నాడువారు మాటలాడుకొనుట చెవియొగ్గి విన్నవారికే గాని, యిట్టి విద్య పట్టుబడదని నా నమ్మకము.

1957లో వచ్చిన 'తోడికోడళ్ళు' చూడుడు. అది శరత్ బాబుగారి 'నిష్కృతి' ననుసరించి తీసిన చిత్రము. కన్నాంబ పెద్దకోడలు, సావిత్రి చిన్నకోడలు. నడిమిదైన అనసూయ మన సూర్యకాంతము. ఈ అనసూయ పుట్టుకతో దుర్మార్గురాలు కాదు. ఉమ్మడి యింటిలో దన భర్తకును దన బిడ్డలకును ఏదో తక్కువగుచున్నదన్న యనుమాన మామె మనస్సులో నిప్పురవ్వవలె నుండును. జగ్గయ్య ధరించిన వైకుంఠము దానికి గాలి విసరును. కాపురము రెండగును. 1961 నాటి 'వెలుగునీడలు'లో నామె బిడ్డలు లేక యొక యాడుపిల్లను బెంచుకొన్న యిల్లాలు. తరువాత దనకే కూతురు పుట్టగా, నిన్నటివరకు ముద్దైన పెంపుడుబిడ్డ బరువగును. ఇట్టిది జరుగని యూరు కలదా? ఆమె యా మార్పును అరుపులతో జూపదు. పిల్లను పిలుచు పిలుపులో జూపును.

ఇక 'గుండమ్మ కథ'. 1962 జూన్ 7వ తేదీన విడుదలైన యీ విజయావారి చిత్రమునకు కమలాకర కామేశ్వరరావుగారు దర్శకులు. రామారావుగారికిది నూరవ చిత్రము, నాగేశ్వరరావుగారికి తొంబదితొమ్మిదవది. సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు మున్నగువారందరు నున్నారు. ఇందరు మహానటులుండియు చిత్రమునకు బెట్టిన పేరు మాత్రము గుండమ్మది. కథ కన్నడమునుండి వచ్చినది, గుండమ్మయను పేరు నక్కడిదే. కథానాయిక కావలెనన్న యానాటి కోరిక యీ విధముగా దీరినదనుకొందును.

ఆ చిత్రము చూచి బయటికి వచ్చినవారిని, "గుండమ్మ సవతికూతురును ఎన్నిమార్లు కొట్టినది?" అని యడిగి చూడుడు. తడుముకొందురు. ఆమె క్రౌర్యమంతయు పనుల పంపకములో నున్నది. లక్ష్మి చాకిరి చేయుచుండవలెను, సరోజ అలంకరించుకొని కూర్చుండవలెను. గుండమ్మకు దానిలో నన్యాయమేమియు గనబడదు. ప్రొద్దుననే కల్లాపి చల్లినంత సహజముగా నామె యా పని చేయించుకొనును. చెడ్డతనమును చెడ్డతనమని యెరుగక చేయువారిని నటించుట మిక్కిలి కష్టము. నటి యొక్కమారైనను "నేనెంత గయ్యాళినో చూడుడు" అని మనవంక జూచెనా, ఆ పాత్ర చెడును. ఆమె యట్లు చూడలేదు.

తరువాత నా యింటికి దుర్గమ్మ వచ్చును. ఛాయాదేవిగారు ధరించిన యీ దుర్గమ్మ గుండమ్మకంటె నాకులెక్కువ చదివినది. తన యింటిలో దానే పరాయిదై గుండమ్మ క్రుంగిపోవును. అంతకుముందు మనమందరము ఎప్పుడీమె గర్వమణగునా యని యెదురుచూచినవారమే. తీరా అణగినప్పుడు సంతోషము కలుగదు. తుద కామె చేయి పట్టుకొన వచ్చునది లక్ష్మియే. అంతవరకు గద్దించిన కన్నులతోనే సూర్యకాంతము సావిత్రివంక జూచిన చూపు నేను మరువలేదు.

ఇచ్చట నాకొక చిన్న ఫిర్యాదు కలదు. అది సూర్యకాంతముమీద గాదు, కథలు వ్రాసిన మగవారిమీద. ఈ చిత్రములలో నింటి దోషమంతయు నత్తపైననో, సవతితల్లిపైననో పడును. భర్త మాత్రము రేలంగివలెనో, రమణారెడ్డివలెనో నంగిగా నవ్వించి తప్పించుకొనును. ఇంటిలో నన్యాయము జరుగుచుండగా నూరకుండుటకూడ నొక దుష్టపాత్రయే గదా! అత్తగారికట్టి బుద్ధి యేల పుట్టినదని యెవరు నడుగరు. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చువరకు స్త్రీధనము దక్క తక్కిన కుటుంబాస్తిలో మన యాడువారికి బూర్ణమైన హక్కు లేదు. ఇంటిలో నామె చేతనున్నవి బొడ్డున దోపుకొన్న తాళపుచెవులు, వంటయిల్లు, కన్నబిడ్డమీది పట్టు. క్రొత్తగా నొక పిల్ల గడప దాటి లోనికి రాగానే యివియన్నియు జారునేమోయని భయము. సూర్యకాంతము గద్దింపులో నా భయము వినబడుచుండును. వ్రాసినవారు దానిని వ్రాసినట్లు లేదు. ఆమెయే కలిపి యుండవలెను.

ఆమెకు గయ్యాళితనము దక్క వేరేమియు రాదనువారు 1957 నాటి 'మాయాబజార్' చూడవలెను. అందామె హిడింబి. పేరునకు రాక్షసియే గాని, పాండవుల యింటి కోడలన్న గౌరవము నడకలోనే తెలియును. కొండవంటి ఘటోత్కచుడామె యెదుట జిన్నబిడ్డ యగును. ఆ ఘటోత్కచుడైన రంగారావుగారు 1918లో బుట్టినవారు, అనగా తల్లి వేషము వేసిన యామెకంటె నారేండ్లు పెద్ద! చూచునంతసే పీ లెక్క యెవరికిని దోచదు.

తెరవెనుక నామె వేరు మనిషియని తోడినటులు పలుమారు చెప్పుకొన్నారు. ఇంట వండిన పిండివంటలు డబ్బాలకెత్తి స్టూడియోకు దెచ్చి, పెద్ద నటుడని, చిన్న పనివాడని చూడక పంచిపెట్టుచుండెడిదట. ఒకమారు చిత్తూరు నాగయ్యగారిని నిందించు ఘట్టము నటించి, అది ముగిసినంతనే యాయన పాదములపై బడి క్షమింపుమని యేడ్చినదని చెప్పుకొందురు. ఆమెకు బిడ్డలు కలుగలేదు, అక్క కుమారుని దత్తు చేసికొన్నది. తిరుపతిలోని మహిళా విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరేటిచ్చి యామెను సత్కరించినారు. వందల చిత్రములలో నటించి 1994 డిసెంబరులో మదరాసున గన్నుమూసినది. 2024తో నామె జన్మించి నూరేండ్లు నిండినవి.

మా యింటి సంగతి యొకటి చెప్పెదను. పోయిన సంక్రాంతి సెలవులలో టెలివిజనులో 'గుండమ్మ కథ' వచ్చుచుండగా బిల్లలందరు చేరి చూచుచుండిరి. మా మరిది కొడుకు మా యత్తగారివంక దిరిగి, "నాయనమ్మా, గుండమ్మ అచ్చము నీవలెనే యున్నది" అన్నాడు. నాకు గుండె ఝల్లుమన్నది. మా యత్తగారేమియు ననలేదు. వత్తులు చేసికొనుచు గొంతసేపు చూచి, లేచి లోనికి వెళ్లుచు నా ప్రక్కన నాగి మెల్లగా, "అమ్మాయీ, దుర్గమ్మ వచ్చు ఘట్టము రాగానే నన్ను పిలువు" అన్నది.

పిలిచితిని. ఆమె వచ్చి, ఈమారు వత్తుల పళ్లెము ప్రక్కకు బెట్టి కూర్చున్నది.