రెండు రోజుల్లో హంపీ

మా కలికిరి వైపు ఆడవాళ్ల ప్రయాణమంటే మొక్కు తీర్చుకోవడానికో, పెళ్లికో! ఊరు చూడ్డానికే ఊరెళ్తామంటే "అక్కడేముంది, రాళ్లేగా" అంటారు. సంక్రాంతి సెలవుల్లో హంపీ వెళ్దామంటే మా ఇంట్లోనూ అదే మాట. యాభై రూపాయల కొత్త నోటు తిప్పి చూపించాను. దాని వెనక ఉన్న రాతిరథం అక్కడిదే మరి!

ఆ మాటకొస్తే హంపీ మనకు పరాయిది కాదు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకీ, ఆ తర్వాత మన చంద్రగిరికీ మారింది. చంద్రగిరి కోట చూసినవాళ్లం, దాని పుట్టిల్లు చూడొద్దూ?

మావారు చూడాల్సినవి ముప్ఫై రాశారు. రెండు రోజుల్లో ముప్ఫై అంటే చూడ్డం కాదు, హాజరు వేయించుకోవడం! పైగా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అందుకే మనిషికో కోరిక అడిగాను. అత్తగారికి విరూపాక్షుడి దర్శనం, అమ్మాయికి రాతిరథం, అబ్బాయికి ఏనుగుల శాల, మావారికి మహానవమి దిబ్బ. చివర నాదీ రాశాను. హజారరామాలయం గోడల మీది రామాయణం, ఎవరూ తొందరపెట్టకుండా ఒక గంట. అందరి కోరికలూ రాసే చెయ్యి మనదే కదా, మన కోరిక మనం రాసుకోకపోతే ఇంకెవరు రాస్తారు?

ధర్మవరం, గుంతకల్లు మీదుగా రైల్లో వెళ్లి హోస్పేటలో బస. అక్కడికి హంపీ దగ్గరే. మొదటిరోజు పొద్దున్నే విఠలాలయం. వాహనాలు దూరంగానే ఆపేస్తారు, అక్కడి నుంచి బ్యాటరీ బండ్లుంటాయి. విఠలాలయానికి కొన్న టికెట్టే ఆరోజు కమలమహల్, ఏనుగుల శాలల ఆవరణకూ, కమలాపురం మ్యూజియానికీ చెల్లుతుంది. కాబట్టి ఈ మూడూ ఒకే రోజు పెట్టుకోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. హజారరామాలయం, మహానవమి దిబ్బ ఆ దారిలోవే.

రెండోరోజు విరూపాక్షాలయం. అక్కడ నేటికీ పూజలు జరుగుతున్నాయి. గుడి లోపల చీకటిగదిలో గోడమీద రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది, పిల్లలకు తప్పక చూపించండి. పక్కనే హేమకూటం కొండ.

ఎండాకాలం మాత్రం వద్దు, బండలు కాలిపోతాయి. మంచినీళ్లు, టోపీలు, తేలిగ్గా విప్పే చెప్పులు, రైల్లోకి పులిహోర చాలు.

తుంగభద్ర అవతలి ఆనెగొంది ఈసారికి వదిలేస్తున్నాం. మళ్లీ రావడానికి ఒక సాకు ఉండాలిగా!