పడవ అరల వెనుక దాగే తడి

పాత మోటారు విహారనౌకను బాగుచేయించే యజమాని దృష్టి ముందుగా లోపలి కొయ్య అరల మీదికే పోతుంది. కంటికి ఇంపుగా కనిపించేవి అవే. అయితే పడవ ఆయుష్షును నిర్ణయించేది బీరువా తలుపు కాదు, దాని వెనుక ఎవరికీ కనబడని జానెడు చోటు.

ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌కు సముద్రం దూరం. అక్కడి డిమ్నా సరస్సు వంటి మంచినీటి జలాశయంలో తిరిగే పడవకు ఉప్పునీటి బాధ లేదు గనుక కొయ్యకు ముప్పు తక్కువని అనుకోవడం సహజం. నిజం అందుకు విరుద్ధం. కొయ్యను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు ఉప్పు అంతగా సరిపడదు; పైకప్పు సందుల నుంచి కారే వాననీరే వాటికి అనుకూలం. కొయ్యలో తేమ 20 శాతానికి లోబడి ఉంటే అవి పెరగలేవు. గాలి ఆడని అర వెనుక నీరు నిలిస్తే ఆ హద్దు దాటడానికి ఒక్క వర్షాకాలం చాలు.

కాబట్టి పడవ అడుగు, పక్కలు, పైకప్పు ముందుగా బాగుపడాలి. తరువాత విద్యుత్ తీగలు, ఇంధన గొట్టాలు. అరల వంతు ఆఖరున వస్తుంది.

కొలతల దగ్గర ఇంటి వడ్రంగికి అసలు చిక్కు ఎదురవుతుంది. అతడు నమ్ముకున్న రసమట్టం నీటిపై ఊగే పడవలో పనికిరాదు. పక్కలు ఎక్కడా తిన్నగా ఉండవు కనుక మూలమట్టమూ అంతే. పలుచని అట్టను పక్కకు చేరువగా నిలిపి, కంపాసు ఒక కాలును వంపు వెంట నడిపిస్తే, రెండో కాలికున్న పెన్సిల్ అదే వంపును అట్టపై గీస్తుంది. దానిని కత్తిరించి ప్లైవుడ్‌పైకి ఎక్కిస్తారు. కుడివైపు నమూనా ఎడమవైపునకు సరిపోతుందన్న భరోసా పాత పడవలో లేదు. రెండూ విడివిడిగా తీయవలసిందే.

కొయ్య ఎంపికలో స్థానికాభిమానం పనికిరాదు. సింగ్‌భూమ్ అడవుల సాలవృక్షం, అంటే గుగ్గిలం, ఎంతో దృఢమైనది. రైలు పట్టాల కింద దిమ్మెలుగా పేరుపొందింది. కానీ బరువెక్కువ. పైఅరలను దానితో చేస్తే పడవ ఒరిగే స్వభావం పెరుగుతుంది. పెట్టెకు ఐఎస్ 710 ప్రమాణపు మెరైన్ ప్లైవుడ్, చట్రానికి టేకు మేలు. టేకులోని సహజమైన నూనె తడిని అడ్డుకుంటుంది, జిగురును సైతం అడ్డుకుంటుంది. అందుకే అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. ప్లైవుడ్ అంచులకు ఎపాక్సీ పూత తప్పనిసరి, నీరు తాగేది అక్కడినుంచే. ఉక్కు నగరంలో చెప్పడానికి విడ్డూరమే గాని, మామూలు ఇనుప మరలు పడవలో వద్దు. తుప్పు ఉబ్బి కొయ్యను చీలుస్తుంది. కంచు మరలు గాని, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మరలు గాని వాడాలి.

ఈ విద్య తెలుగునాటకు కొత్తది కాదు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకప్పుడు నౌకల నిర్మాణానికీ, మరమ్మతుకూ పేరుమోసిన రేవు. 1839 నాటి తుఫాను దానిని తుడిచిపెట్టినా, పొరుగున తాళ్లరేవులో కొయ్య పడవల పని సాగుతూ వచ్చింది.

తలుపులకు గాలి రంధ్రాలు, కుదుపుకు తెరుచుకోని గడియ, సామాను జారకుండా అర అంచున చిన్న గట్టు ఉండాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది వెనుక పలక. దానిని జిగురుతో అతికించకూడదు, మరలతో బిగించాలి. దాని వెనుక నీటి గొట్టం ఊడితే, పడవ నిండేలోపు పలక ఊడదీసి గొట్టం మూయడానికి ఒక మనిషి చేయి అక్కడిదాకా చేరాలి.