ప్యాకెట్ మీద ‘యాంటీబయాటిక్ రహితం’ అంటే ఏమిటి?

ఆరోగ్యానికి ఆధారమైన ఆరు విషయాలను యునానీలో ‘అస్బాబె సిత్తా జరూరియా’ అంటారు. ఆహారపానీయాలు వాటిలో ఒకటి. అందుకే ఏం తింటున్నారని రోగిని హకీం తప్పక అడుగుతాడు. ఇప్పుడు రోగులే ఎదురు అడుగుతున్నారు: “హకీం సాబ్, చికెన్ ప్యాకెట్ మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో చూస్తే యాంటీబయాటిక్ రహితం అని వచ్చింది. నమ్మవచ్చా?”

ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. కోడికి ఆ మందు అసలు ఇవ్వలేదని ఒకటి. ఇచ్చినా మాంసంలో అవశేషం మిగల్లేదని రెండోది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. అవశేషం లేకున్నా, మందు విచ్చలవిడిగా వాడిన ఫారంలో దానికి లొంగని క్రిములు పెరుగుతాయి. అవి మాంసం, నీరు, ఎరువు ద్వారా మనుషులకు చేరవచ్చు. అప్పుడు మనకు జబ్బు చేస్తే ఆ మందు పనిచేయదు. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను ఆహారపు జంతువులకు వాడరాదని 2019లో కేంద్రం నిషేధించింది ఇందుకే.

జబ్బుపడిన పశువుకు మందు ఇవ్వడం తప్పు కాదు. గడువు పాటించాలి. 2012లో సవరించిన ఔషధ నియమాల ప్రకారం, మందుకు ప్రత్యేక గడువు నిర్ధారణ కాకపోతే చివరి మోతాదు తర్వాత పాలు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. బ్రాయిలర్ కోడి బతికేదే సుమారు 40 రోజులు! ఈ గడువు మందు సీసా మీద ఉంటుంది, మన చేతికొచ్చే ప్యాకెట్ మీద కాదు. ఏ మందు, ఎందుకు, చివరిసారి ఎప్పుడు ఇచ్చారో ఫోన్ కోడ్ చెప్పగలిగితేనే దానివల్ల ప్రయోజనం.

చెప్పినదాన్ని ఎవరు పరీక్షించారన్నదీ ముఖ్యమే. అమెరికాలో యాంటీబయాటిక్స్ లేకుండా పెంచినవని అమ్మే పశువుల నమూనాలను ప్రభుత్వమే పరీక్షిస్తే, సుమారు 20 శాతంలో అవశేషాలు కనిపించాయని 2024లో ప్రకటించింది.

కొనేవారికి నా సలహా:

1. ‘రహితం’ అన్న మాటతో ఆగకండి. ‘వాడలేదు’ అన్నారా, ‘అవశేషం లేదు’ అన్నారా చూడండి. పరీక్ష చేసిన ప్రయోగశాల పేరు, తేదీ ఉన్నాయేమో చూడండి.

2. సంతలో కోయించుకునే కోడికి లేబులే ఉండదు. ఏ ఫారం నుంచి వచ్చిందో దుకాణదారుని అడగండి. పదిమంది అడిగితే అతడూ ఫారంవారిని అడుగుతాడు.

3. పచ్చి మాంసానికి కత్తి, పీట వేరుగా ఉంచండి. బాగా ఉడికించండి. ఉడికితే క్రిములు చస్తాయి గాని, మందు అవశేషాలన్నీ పోతాయని నమ్మకం లేదు.