నీలం లైటు వేడి

పుచ్చు తొలిచి, పన్ను రంగు ఫిల్లింగ్ నింపాక డాక్టరు నీలం లైటు పెడతారు. ఎల్‌ఈడీ కదా, వేడి ఉండదని చాలామంది నమ్మకం. పాత హాలోజన్ లైటు బల్బు బాగా వేడెక్కేది, దాన్ని చల్లార్చడానికి లోపల ఫ్యాను తిరిగేది. దాని పక్కన పెడితే ఇది చల్లనిదే. కానీ పంటిలో ఇంకిన వెలుగు ఏ రంగుదైనా చివరికి వేడిగానే తేలుతుంది.

ఫిల్లింగ్ కూడా తనవంతు వేడి పుట్టిస్తుంది. అందులోని క్యాంఫర్‌క్వినోన్ 468 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతిని పీల్చుకుని రెసిన్ అణువుల అల్లికను మొదలుపెడుతుంది. ఆ అల్లిక సాగుతున్నంతసేపూ వేడి వెలువడుతుంది.

ఎంత వేడికి ముప్పు? 1965లో జాక్, కోహెన్ అనే పరిశోధకులు రీసస్ కోతుల పళ్లకు బయటినుంచి వేడి తగిలించి చూశారు. లోపలి గుజ్జు 5.5 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే 15 శాతం పళ్లు కోలుకోలేదు. 11 డిగ్రీలకు అది 60 శాతమైంది. ఆ 5.5 నేటికీ పరిశోధకులకు గీటురాయి. నన్నడిగితే దాన్ని లక్ష్మణరేఖ చేయనక్కర్లేదు. 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో మనుషుల పళ్లు సుమారు 11 డిగ్రీల పెరుగుదలనూ తట్టుకున్నాయి.

అసలు కీలకం గుజ్జుకూ గుంతకూ మధ్య మిగిలిన డెంటిన్ అనే పంటి పొర మందం. డెంటిన్ వేడిని అంత తేలిగ్గా లోపలికి పోనివ్వదు. పుచ్చు లోతుగా దిగి, డెంటిన్ అర మిల్లీమీటరే మిగిలితే ఆ కాపు పలచబడుతుంది. అప్పుడు జాగ్రత్త పడాల్సింది ఫిల్లింగ్ ముద్ద దగ్గర కన్నా ముందే, గుంత అడుగున ఫిల్లింగ్‌ను అంటించే బాండ్ పూసి లైటు పెట్టినప్పుడు. వెలుగుకు అడ్డంగా ఇంకా ఏమీ ఉండదు మరి.

చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్ల లైటు 20 సెకన్లలో 20 జౌళ్లు కుమ్మరిస్తుంది. 3000 ఇచ్చేవీ ఉన్నాయి. అలాగని సమయం కోసేస్తే ముద్ద అడుగున పచ్చిగా మిగిలిపోతుంది, అదో తలనొప్పి. అందుకే 2 మిల్లీమీటర్ల చొప్పున పొరలు వేయడం, పొరకూ పొరకూ మధ్య కాసేపు ఆగడం, లైటు వెలుగుతుండగా పక్కనుంచి గాలి కొట్టడం.

గుజ్జులో పారే రక్తం కూడా కొంత వేడిని లాక్కుపోతుంది. మత్తు ఇంజెక్షన్‌లో కలిపే అడ్రినలిన్ ఆ పారుదలను తగ్గిస్తుంది. పైగా మొద్దుబారిన పెదవికో చిగురుకో లైటు మొన ఆనుకుని చురుక్కుమన్నా మనకు తెలియదు. అది కనిపెట్టుకోవాల్సింది డాక్టరే.