కృష్ణ పదార్థం ఎలా పుట్టి ఉంటుంది?

నక్షత్రాలు, గ్రహాలు, వాయు మేఘాలు, మనం... అన్నీ కలిపినా విశ్వంలోని పదార్థంలో ఆరో వంతుకు మించవు. తక్కినదంతా కంటికి కనిపించని కృష్ణ పదార్థం. గెలాక్సీలను పట్టి ఉంచే దాని ఆకర్షణను 1933లో ఫ్రిట్జ్ జ్వికీ పసిగట్టాడు. 1970లలో వెరా రూబిన్ కొలతలు దానికి బలం చేకూర్చాయి. గురుత్వ సూత్రాన్నే సవరిస్తే సరిపోదా అని 1983లో భౌతిక శాస్త్రవేత్త మిల్‌గ్రోమ్ అడిగాడు. గెలాక్సీల వరకు ఆ సవరణ బాగానే పనిచేస్తుంది. కానీ విశ్వానికి 3,80,000 ఏళ్ల వయసులో వెలువడిన కాంతిలో ప్లాంక్ ఉపగ్రహం కొలిచిన హెచ్చుతగ్గులు కృష్ణ పదార్థం లేకుండా లెక్కకు అందడం చాలా కష్టం. అంటే అది అప్పటికే పుట్టి ఉంది.

ఎలా అన్నదానికి చాలాకాలం ఒకే జవాబు పెత్తనం చేసింది. తొలి క్షణాల కాగుతున్న విశ్వంలో వింప్‌లనే బరువైన కణాలు పుడుతూ, ఒకదాన్నొకటి ఢీకొని నశిస్తూ ఉండేవి. విశ్వం చల్లారాక కొత్తవి పుట్టడం ఆగింది. తిరునాళ్ల జనం పలచబడ్డాక తెలిసినవాళ్లు ఎదురుపడనట్టు, మిగిలినవాటికి ఢీకొనే జోడీ దొరకలేదు. అలా బతికిపోయినవే నేటి కృష్ణ పదార్థం. వాటి మధ్య తాకిడి బలహీన కేంద్రక బలమంత ఉంటే, ఇప్పుడున్న మోతాదే మిగులుతుందని లెక్క తేలుతుంది. ఆ పొందిక చూసి శాస్త్రవేత్తలు దీన్ని అద్భుతమనే పిలిచారు.

అయితే అలాంటి కణం అప్పుడప్పుడైనా మామూలు అణువును తాకాలి కదా! ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, అమెరికాలో సౌత్ డకోటా పాత బంగారు గనిలో టన్నుల కొద్దీ ద్రవ జెనాన్ పెట్టుకుని కాచుక్కూర్చున్నారు. ఇప్పటికీ వింప్ జాడ లేదు. అందుకే 2009లో లారెన్స్ హాల్ బృందం 'ఫ్రీజ్-ఇన్' పేరుతో వివరించిన దారిని ఇప్పుడు గట్టిగా పట్టించుకోవాలంటాను. దీని ప్రకారం కృష్ణ పదార్థం తొలి విశ్వపు ఆ వేడి కణాల గుంపులో ఎన్నడూ కలవలేదు. మొదట అసలు లేనేలేదు. మామూలు కణాల తాకిడిలో, విచ్ఛిత్తిలో ఎప్పుడో ఒకటి పుట్టి, నశించకుండా పోగుపడుతూ వచ్చింది. వింప్‌ల విషయంలో తాకిడి ఎంత బలహీనమైతే అంత ఎక్కువ మిగులుతుంది. ఇక్కడ అంత తక్కువ పుడుతుంది. జెనాన్ తొట్టెల మౌనం ఈ కథకు చక్కగా సరిపోతుంది.

దొరకనిదాన్ని మరింత దొరకనిదిగా మార్చడం తప్పించుకోవడమే అంటారు కొందరు. ఆ అనుమానం న్యాయమైనదే. కానీ దీనికీ పరీక్షలున్నాయి. మామూలు కణాలతో కృష్ణ పదార్థపు బంధం అంత బలహీనమైతే దాన్ని పుట్టించే కణం వెంటనే విచ్ఛిన్నం కాక కొంతదూరం పోవచ్చు. అలాంటి దీర్ఘాయుష్షు కణాల కోసం జెనీవా దగ్గరి లార్జ్ హేడ్రాన్ కొలైడర్‌లో వెతుకుతున్నారు. ఆ వేడి గుంపుతో పనిలేకుండానే పుట్టగల ఆక్సియాన్ అనే మరో ఊహా కణం కూడా ఇంకా పోటీలో ఉంది. వింప్‌ను పూర్తిగా కొట్టిపారేయలేం గానీ, దానికి ఇన్నాళ్లూ ఇచ్చిన అగ్రాసనం ఇక చెల్లదు.